కోత లేని గుండె వైద్యం: ఈఈసీపీతో నా అనుభవం

ఈఈసీపీ (కాళ్లకు పట్టీలు చుట్టి గాలి నింపి గుండెకు రక్తాన్ని తోసే వైద్యం) సిట్టింగులు నిన్నటితో అయిపోయాయి. కావలి స్టేషన్ వంతెన ఎక్కితే పట్టేసే గుండెనొప్పి ఇప్పుడు రావడం లేదు.

యాంజియోగ్రామ్, మందులు ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి. గుండెకు రక్తమిచ్చే ముఖ్య నాళం లెఫ్ట్ మెయిన్‌లో బ్లాకు లేదు, పంపింగ్ బాగుంది. ఇలా నిలకడగా ఉన్న నొప్పికి ముందే స్టెంటు వేసినా, మందులతో మొదలుపెట్టినా చావులో, గుండెపోటులో చెప్పుకోదగ్గ తేడా లేదని 2020లో ఇస్కీమియా అధ్యయనం తేల్చింది. ఆస్పిరిన్ 75, అటార్వాస్టాటిన్ 40, మెటోప్రొలాల్ వాడాక కూడా నొప్పి కొంత మిగిలింది కాబట్టి డాక్టరు ఈఈసీపీ రాశారు.

అసలు అవమానం నెల్లూరులో ఒక సెంటర్లో జరిగింది. కౌన్సెలర్ అమ్మాయి రంగుల బొమ్మ ముందు పెట్టి, "35 సిట్టింగులకి బ్లాకులన్నీ కరిగిపోతాయి సార్, చిలేషన్ సెలైన్లు కూడా ప్యాకేజీలోనే. ముందు డబ్బు కట్టేయండి" అంది. ఎకో (గుండె స్కాన్) రిపోర్టు చూడరా అమ్మా అన్నాను. "ఈ వయసులో కూడా డబ్బు గురించి ఆలోచిస్తే ఎట్ట సార్?" అని హాల్లో అందరికీ వినపడేట్టు అంది. పక్కన మా అల్లుడు తల దించుకున్నాడు.

నేనడిగింది డబ్బు సంగతి కానే కాదు. పిక్కలకీ తొడలకీ పిరుదులకీ పట్టీలు చుట్టి, గుండె వదులయ్యే క్షణంలో కింది నుంచి పైకి వరసగా గాలి నింపి రక్తాన్ని గుండె నాళాల వైపు తోసేదే ఈ యంత్రం. గుండె నుంచి ఒంట్లోకి రక్తం పోయే దారిలోని కవాటం, అయోర్టిక్ వాల్వ్, బాగా లీకవుతుంటే ఆ రక్తం గుండెలోకే వెనక్కి పోతుంది. అందుకే ఎకో. కాలి సిరలో గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. అందుకే డాప్లర్ (సిరల్లో రక్తం పారేది చూసే స్కాన్). యంత్రం ఈసీజీని చూసి నడుస్తుంది కాబట్టి నాడి అదుపు తప్పితే గాలి వేళకు పడదు. బీపీ 180/110 దాటితే అసలు ఎక్కించకూడదు. ఇవి చూడకుండా డబ్బు అడిగే చోటు నుంచి లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు.

బ్లాకులు కరగవు. పక్క నాళాలు తెరుచుకుని నొప్పి తగ్గుతుంది, అంతే. చిలేషన్ అంటే రక్తంలోని లోహాలను పట్టి బయటికి పంపే మందును సెలైన్లో ఎక్కించడం. ఆ మందు ఈడీటీఏ వేగంగా ఎక్కితే రక్తంలో కాల్షియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. దాన్ని ప్యాకేజీలో కలిపి అమ్మడం దుర్మార్గం.

తర్వాత వేరే చోట సక్రమంగా చేశారు. రోజుకో గంట, వారానికి అయిదు రోజులు. ముందు మూత్రానికి వెళ్లి రావాలి. లోపల బిగుతు ప్యాంటు వేసుకోవాలి. దానికి మడత పడిందంటే ఆ గీత వెంబడే చర్మం లేచిపోతుంది. షుగరుతో పాదాలు తిమ్మిరెక్కేవాళ్లకి బొబ్బ వచ్చినా తెలియదు, రోజూ పిక్కలు చూసుకోవాలి. మొదట్లోనే ఒత్తిడి పూర్తిగా పెట్టనివ్వకండి, మెల్లగా పెంచమనండి.

గుండెనొప్పి మాత్ర సార్బిట్రేట్ 5 ఎప్పుడూ జేబులో ఉండాలి. నొప్పి వస్తే కూర్చుని నాలుక కింద పెట్టుకోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ పడి కూలబడతారు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. వయాగ్రా లాంటి మాత్ర వేసుకునుంటే మాత్రం సార్బిట్రేట్ ముట్టుకోకూడదు, ఆ సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పాలి.