ఎమ్మారైలో మచ్చ నుంచి బయాప్సీ రిపోర్టు దాకా

మెదడులో గడ్డకి గుర్తుగా నాకు మొదట వచ్చింది తలనొప్పి కాదు. ఎడమచేతి బొటనవేలు దానంతటదే కొట్టుకోవడం మొదలైంది. అక్కణ్ణుంచి మణికట్టుకి, మోచేతికి, చివరికి మూతి ఎడమ కొసకి పాకింది. రెండు నిమిషాలు ఉంది, స్పృహ పోలేదు. ఇవీ ఫిట్సే, కాకపోతే మెదడులో ఒక్కచోటే పుట్టినవి. ఎడమచేతిని నడిపేది మెదడు కుడిభాగం కాబట్టి, గడ్డ ఎటువైపు ఉండొచ్చో స్కాన్‌కి ముందే డాక్టరు ఊహించగలరు. అందుకే ఇంట్లోవాళ్ళు ఫోన్లో వీడియో తీస్తే చాలా పనికొస్తుంది. ఏ వేలితో మొదలైందో, ఎటు పాకిందో, ఎంతసేపుందో అందులో ఉంటుంది. పెద్దయ్యాక తొలిసారి ఫిట్స్ వస్తే ఒక్కసారే కదా అని వదిలెయ్యకండి.

తలనొప్పి ఒక్కటే ఉంటే గడ్డ కావడం చాలా అరుదు. తెల్లవారుజామున నిద్రలేపే నొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మాట తడబడటం, ఇవన్నీ కలిసి రోజురోజుకీ ముదురుతుంటే మాత్రం ఆగకూడదు.

మామూలు సీటీలో నా గడ్డ తేలలేదు. కాంట్రాస్ట్‌తో (గడ్డ స్పష్టంగా కనబడేలా నరంలోకి మందు ఎక్కించి) ఎమ్మారై కావాలి, దానికి ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఉంగరంలా వెలిగే మచ్చ టీబీ గడ్డ కావచ్చు, బద్దెపురుగు తిత్తి కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. స్పెక్ట్రోస్కోపీలో (మచ్చలోని రసాయనాలు చూపే ఎమ్మారై పరీక్ష) లిపిడ్, అంటే కొవ్వు, ఎక్కువుంటే టీబీ అనుకుంటారు గానీ, లోపల కుళ్ళిన క్యాన్సర్ గడ్డలోనూ అదే కనబడుతుంది. వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ ఇస్తారు. లింఫోమా (తెల్లరక్తకణాల నుంచి పుట్టే క్యాన్సర్) అనుమానం ఉంటే, ప్రాణాపాయం లేనంతవరకు బయాప్సీకి ముందు అది వాడరు. వాడితే లింఫోమా గడ్డ కరిగిపోయి, తీసిన ముక్కలో ఏమీ దొరక్కపోవచ్చు.

నాకు మెలకువగా ఉంచే ఆపరేషన్ చేశారు. పుర్రె తెరిచాక వేళ్ళు ఆడించమంటూ, మెదడు మీద చిన్న కరెంటుతో తాకుతూ చేతిని నడిపే చోటు గుర్తిస్తారు. మధ్యలో ఫిట్స్ వస్తే మంచులా చల్లటి సెలైన్ పోసి ఆపుతారు.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకుంటున్నది రిపోర్టు గురించి. మొదటి కాగితంలో గ్లయోమా అని మాత్రమే ఉంది, అంటే మెదడులోని గ్లియల్ కణాల నుంచి (నరాల కణాలకి ఆసరాగా ఉండేవి) పుట్టే గడ్డల ఉమ్మడి పేరు. దాంతో వైద్యం నిర్ణయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం జన్యుమార్పు తెలియాలి. నాది ఐడీహెచ్1 పాజిటివ్ (ఆ జన్యువులో మార్పు ఉంది), ఏటీఆర్‌ఎక్స్ అనే ప్రొటీన్ పోయింది, కాబట్టి గ్లయోమాల్లో ఆస్ట్రోసైటోమా అనే రకం, గ్రేడ్ 3 (తీవ్రతలో మూడో మెట్టు). ఏటీఆర్‌ఎక్స్ నిలిచి ఉంటే 1పి/19క్యూ పరీక్ష (ఆ రెండు క్రోమోజోమ్ ముక్కలు పోయాయో లేదో చూసేది) చేసి ఆలిగోడెండ్రోగ్లయోమా అనే ఇంకో రకం అవునో కాదో తేల్చాలి. ఐడీహెచ్ మార్పే లేకపోతే దారి వేరు, గ్లయోబ్లాస్టోమా (అన్నిటికంటే తీవ్రమైన రకం) వైపు చూస్తారు. గడ్డ ముక్కని దాచే మైనపు బ్లాకు, స్లైడ్లు ల్యాబ్ నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకోవచ్చు. రెండో అభిప్రాయానికి అవే కావాలి.

రేడియేషన్ 33 సార్లు, రోజుకి 1.8 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), మొత్తం 59.4. వేడినీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వల ముఖం మీద పరిచి, చల్లారేదాకా కదలనివ్వరు. ఆ మాస్కు బల్లకి బిగిస్తే తల ఇసుమంతైనా జరగదు. తర్వాత 12 విడతలు టెమోజోలమైడ్ (కీమో క్యాప్సూళ్ళు), 28 రోజులకి 5 రోజులు. మోతాదు ఒంటి ఉపరితలాన్ని బట్టి ఉంటుంది, నాది 1.6 చదరపు మీటర్లు, మొదటి విడతలో రోజుకి 240 మిల్లీగ్రాములు, రెండో విడత నుంచి 320. వాంతి మాత్ర వేసుకున్న అరగంటకి, ఖాళీ కడుపున, క్యాప్సూల్ విప్పకుండా మింగాలి. ప్లేట్‌లెట్లు లక్ష లోపుంటే తర్వాతి విడత వాయిదా.

రేడియేషన్ తర్వాతి మొదటి స్కాన్‌లో మచ్చ పెరిగినట్టు కనబడింది. మొదటి మూడు నెలల్లో ఇది వైద్యం వల్ల వచ్చే వాపు కూడా కావచ్చు. నాది అదే, రెండు నెలల తర్వాత తీసిన స్కాన్‌లో తగ్గింది. ఇప్పుడు నాలుగు నెలలకోసారి ఎమ్మారై. ప్రతిసారీ రిపోర్టుతో పాటు సీడీ తీసుకుంటాను. నెమ్మదిగా పెరిగే గడ్డ కిందటి స్కాన్‌తో పోలిస్తే మారనట్టే ఉంటుంది, అందుకే ఆపరేషన్ తర్వాతి తొలి స్కాన్ పక్కన పెట్టి చూడమని అడుగుతాను.