కార్డు మీద లేని వచనం

ఆ ఏడాది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి దేవుని మాటగా నా చేతికి వచ్చిన వాగ్దానపు కార్డు బైబిల్లోని కీర్తన 32:8. “నీవు నడవవలసిన మార్గమును నీకు బోధించెదను.” వంటింట్లో క్యాలెండరు పక్కన అంటించుకున్నాను. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి దగ్గు పట్టుకుంది.

మా వీధి చివరి డాక్టరు సిరప్పు సీసాలు మారుస్తూ పోయాడు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోందనీ, జాకెట్లు వదులవుతున్నాయనీ చెబితే, “టీచర్లకు సుద్దముక్కల పొడి పడదమ్మా” అని నవ్వాడు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలన్న సంగతి బస్టాండు గోడల మీద కూడా రాసి ఉంటుంది. ఆయన ఎప్పుడూ బస్సు ఎక్కినట్టు లేదు. చివరికి ఆశా కార్యకర్త నా దగ్గు విని, తనే డబ్బా తెచ్చిచ్చి పరీక్షకు పంపింది. క్షయ అని తేలింది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడవద్దని ఆమె ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఉదయమే నా గుండె ఆగేది.

తోడికోడలు నా కంచం, గ్లాసు విడిగా పెట్టించింది. క్షయ కంచాల వల్ల అంటదు, దగ్గినప్పుడు గాలి ద్వారా అంటుతుంది, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటున్నాను, కిటికీలు తెరిచి ఉంచండి అని ఎంత చెప్పినా చెవికెక్కలేదు. మా ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. ఆ విడి కంచంలోనే తాను అన్నం పెట్టుకుని, అందరి ముందూ కూర్చుని తిన్నారు. ఆ పూట ఆయన మీద కలిగిన గౌరవం పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ కలగలేదు.

ఇక ఆవిడ సంగతి. పక్క ఊరి నుంచి ఉపవాస ప్రార్థనలకు వస్తుంటారు, పెద్దావిడ, పేరున్న ప్రార్థనాపరురాలు. నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించి కళ్లు తెరిచారు. “ప్రభువు నాకు చూపించాడమ్మా, నీ ఊపిరితిత్తి శుభ్రమైపోయింది. ఇకమీదట మాత్రలు మింగావంటే ఆయన మాటను నమ్మనట్టే.” చుట్టూ ఉన్నవాళ్లు ఆమేన్ అన్నారు. ఆవిడ చూపు గోడ మీది కార్డు మీద పడింది. “మార్గం బోధిస్తానన్నాడుగా, ఇదే ఆ మార్గం” అని లేచారు.

మరునాడు ఉదయం మాత్రలు మింగాను. ఆ తర్వాతా మానలేదు. కానీ మింగిన ప్రతిసారీ ఎవరో తప్పు పడుతున్నట్టే ఉండేది.

ఆ వారంలోనే ఒక రాత్రి నిద్రలో దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నోటిలో ఉప్పగా, వెచ్చగా తగిలింది. కరెంటు లేదు. మా అమ్మాయి ఫోను వెలుగు చూపిస్తే తువాలు నిండా ఎర్రగా ఉంది. దాని చెయ్యి వణికి వెలుగు గోడల మీద అటూ ఇటూ పరిగెత్తింది. మా ఆయన 108కు ఫోను చేస్తూ వీధిలోకి పరుగెత్తారు. ప్రార్థన చేద్దామనుకున్నాను. నలభై ఏళ్లుగా నోటికి వచ్చిన కీర్తనల్లో ఒక్క మాట గుర్తు రాలేదు. గుర్తొచ్చినది ఆవిడ మాటే. నమ్మకపోయినందుకే ఇది జరిగిందా? దేవుడు చెయ్యి చాపితే నేను మాత్రల డబ్బా పట్టుకుని కూర్చున్నానా? రక్తం కంటే ఆ ఆలోచన ఎక్కువ భయపెట్టింది. చావు భయం నాకు కొత్త కాదు, మా నాన్నను దగ్గరుండి సాగనంపినదాన్ని. కానీ దేవుడు నా మీద అలిగి ఉండగా చనిపోవడం అనే భయం ఆ రాత్రి వరకూ తెలియదు. అది నాలో నాటినది ఏ క్రిమీ కాదు, ఒక మనిషి.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ, మా అమ్మాయి కంటే నాలుగేళ్లు పెద్దదేమో, దెబ్బతిన్న ఊపిరితిత్తి వైపుకే నన్ను ఒత్తిగిలి పడుకోబెట్టింది. రెండోదానిలోకి రక్తం పోకుండా అట. “మాత్రలు మధ్యలో మానేశారా?” అని అడిగింది. లేదన్నాను. “చాలా మంచి పని చేశారు. మానితే క్రిమి మందులకు లొంగకుండా తయారవుతుంది, అప్పుడు మా చేతుల్లోనూ ఉండదు” అంది. పుండుపడిన చోట రక్తనాళం చిట్లిందట, రెండు రోజుల్లో తగ్గింది.

ఆ మంచం మీద పడుకునే కీర్తన 32 మొత్తం చదివాను. ఎనిమిదో వచనం కార్డు మీద ఉన్నదే. తొమ్మిదోది కార్డు మీద ఎవరూ అచ్చు వేయరు. బుద్ధిజ్ఞానాలు లేని గుర్రంలా, కంచరగాడిదలా ఉండవద్దని అందులో ఉంది. నవ్వొచ్చి మళ్లీ దగ్గొచ్చింది. మార్గం చూపిస్తాను అన్నవాడే, వెంటనే నీ బుర్ర కూడా వెంట తెచ్చుకో అంటున్నాడు!

మా గుడి పాస్టరు అయ్యగారు చూడటానికి వచ్చినప్పుడు అడగాల్సినదంతా అడిగేశాను. ఆయన బైబిల్లో జబ్బుపడిన హిజ్కియా రాజు సంగతి ఎత్తారు. పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు చెప్పాక కూడా, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు కదా అన్నారు. “1883లో అమెరికా డాక్టరు కుగ్లర్ దొరసాని దేవుని పిలుపు అనుకునే గుంటూరు వచ్చి ఆసుపత్రి పెట్టింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషన్లు కలిసి క్షయరోగులకు శానిటోరియం తెరిచాయి. అప్పటికి ఈ మాత్రలు లేవు, విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ప్రార్థన, అంతే. ఆ రోగులకు ఈ డబ్బా దొరికి ఉంటే మోకరించి తీసుకునేవాళ్లు.” మా తాతగారి తమ్ముడు ఆరోగ్యవరం వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ సంగతి అయ్యగారికి తెలియదు, నేనూ చెప్పలేదు.

ఇప్పటికీ దేవుని నడిపింపు అడుగుతూనే ఉంటాను. ఆయన నాకు ఏమి చెబుతున్నాడో నా లోపల తేల్చుకుంటాను. నా ఒంటి గురించి ఆయన ఇంకొకరి చెవిలో చెప్పాడంటే మాత్రం, ముందు కళ్లె పరీక్ష ఫలితం చూస్తాను. మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటితే ప్రార్థన చేయండి, చేస్తూనే ప్రభుత్వ ఆసుపత్రికి నడవండి. పరీక్ష ఉచితం, మాత్రలు ఉచితం, తిండికి నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తున్నారు.

చికిత్స పూర్తయిన ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పాను. మైకు ముందు దేవునికి, మా ఆయనకు, ఆశా కార్యకర్తకు వందనాలు చెప్పి, ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అని నాలుగు మందుల పేర్లూ చదివాను. వెనక బల్లల్లో పిల్లలు నవ్వారు. అయ్యగారు ఆమేన్ అన్నారు.

ఆవిడ తర్వాతి ఉపవాస ప్రార్థనలో లేచి, ఈ స్వస్థత తన చేతి కింద జరిగిందని సాక్ష్యం చెప్పారు. నేను అక్కడే ఉన్నాను. క్షమించమని ప్రభువు చెప్పిన సంగతి నాకు తెలుసు, రోజూ ఆయన్నే అడుగుతున్నాను. ఆవిడ ఎదురైతే వందనాలండీ అంటాను. చెయ్యి మాత్రం తల దాకా రానివ్వను.