భువనగిరి బండ మీద రాతిరంగు తూనీగ

అక్టోబరులో వానలు తగ్గాక భువనగిరి కోటెక్కాను. కోట కోసం కాదు, గ్రానైట్ ఘోస్ట్ అనే తూనీగ కోసం. శాస్త్రీయ నామం బ్రాడినోపైగా జెమినేటా, 1842లో ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త రాంబ్యూర్ వర్ణించిన జాతి. ఊరంత ఏకశిల, మధ్యమధ్య వాననీళ్లు నిలిచే దొనలు: దానికి ఇంతకన్నా ఏం కావాలి!

ఒళ్లంతా బూడిద, నలుపు, తెలుపు మరకలే. పుల్ల చివర వాలే తూనీగల్లా కాకుండా నిలువు బండకి పొట్ట ఆనించి, రెక్కలు పరిచి అతుక్కుపోతుంది. అందుకే ఒంటిని వెతికితే దొరకదు. ఒక్కో రెక్క కొస దగ్గర, ముందు అంచున చిన్న గడి ఉంటుంది, నడుమ నలుపు, రెండు కొసలూ తెలుపు. ఆ తెల్ల చుక్కలు కంటబడితే మిగతా పురుగు దానంతటదే తేలుతుంది. తోక చివర కూడా తెల్లగానే ఉంటుంది.

ముందు దొన చూసుకోవాలి, తర్వాత దాని చుట్టూ ఉన్న నిలువు రాయి. ఆడది తోక కొసతో నీళ్లను తాకుతూ గుడ్లు పెడుతుంది. పిల్లలు అడుగు బురదలో కదలకుండా పడుండి, మడిచిపెట్టుకున్న కింది పెదవిని చటుక్కున చాచి దోమ పిల్లల్ని పట్టేస్తాయి. నీళ్లకి కాస్త పైన రాతికి అంటుకుని, వీపు చీలిన ఎండు కుబుసం కనబడిందంటే అక్కడినుంచి తూనీగ ఎగిరినట్టే. నాకు తూనీగకన్నా ముందు కుబుసమే దొరికింది.

ఫొటోకి ఎదురుగా పోకూడదు. మన నీడ పడగానే లేస్తుంది. లేచినా తరిమితే దండగ, ఉన్నచోటే నిలబడితే చాలాసార్లు అదే బండకి తిరిగొస్తుంది. ఫోన్ ఫోకస్ వెనకున్న రాతి గరుకుని పట్టుకుంటుంది కాబట్టి తెర మీద తూనీగ కంటి దగ్గర తాకి ఫోకస్ నిలపాలి, పక్కనుంచి తీయాలి. దొన అంచున నాచు జారుతుంది, జాగ్రత్త.

చేపలు లేకపోవడమే ఈ దొనల విలువ. దోమల కోసమని గంబూసియా చేపల్ని వదిలితే తూనీగ పిల్లలు కూడా వాటికి మేతే. వేసవిలో దొన ఎండిపోవడం నష్టం కాదు, ఆ ఎండే చేపల్ని నిలవనివ్వదు.

దిగొచ్చాక కింద ఓ సిమెంటు నీళ్ల తొట్టి గోడకి ఇంకోటి అతుక్కుని ఉంది. అంతసేపు కొండెక్కి వెతికింది దీనికోసమే. ఇళ్లలో కూడా వీటికి అలాంటి తొట్లే దొనలు. తొట్టి కడిగేటప్పుడు అడుగు నీళ్లు ఓ బకెట్‌లోకి తీసిపెట్టి, కడిగాక మళ్లీ పోస్తే పిల్లలు బతుకుతాయి.