సాక్ష్యం ఎప్పుడు చెప్తావమ్మా?

నాకు టీబీ అని తేలిన వారంలోనే మా సంఘం పెద్ద ఒకాయన ఫోన్ చేసి ప్రార్థించారు. ఆమెన్ అన్నాక, "స్వస్థత పొందేశానని నోటితో ఒప్పుకోమ్మా, దేవుడు ఆ విశ్వాసాన్నే చూస్తాడు" అన్నారు. ఆయన ప్రేమ నాకు తెలుసు. అయినా ఆ మాట నా నోట రాలేదు. ఆ సాయంత్రం కూడా వేళ తప్పకుండా జ్వరం వచ్చింది మరి.

అప్పటికే చాలా వారాలుగా దగ్గు. రాత్రిళ్లు పక్క తడిసేంత చెమటలు పట్టేవి, బట్టలు వదులైపోయాయి. కఫం పరీక్షలో క్రిమి కనబడింది. ఆరు నెలల మందు: మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, ఆ తర్వాత తగ్గిస్తారు. మొదట్లో మాస్కు, విడి గది, కిటికీలు బార్లా. ఆదివారం ఆరాధన కూడా ఫోన్‌లోనే.

రోజూ పరగడుపున ఆ మాత్రలన్నీ మింగాలి. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ముందే చెప్పినా, మొదటిసారి చూసినప్పుడు గుండె జారింది. వికారం మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. పెద్ద ప్రార్థనలు చేసే ఓపిక ఉండేది కాదు. మాత్రలు చేతిలో పెట్టుకుని "ప్రభువా, ఈ రోజుకి" అనేదాన్ని. 13వ కీర్తన మాత్రం చదువుకునేదాన్ని. "ఎన్నాళ్లు?" అని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. అలా అడగడం అవిశ్వాసమైతే అది బైబిల్లో ఉండేది కాదు కదా!

ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది మార్కు సువార్త 8వ అధ్యాయంలోని బేత్సయిదా గుడ్డివాడు. యేసు అతని మీద చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనబడుతున్నారు అన్నాడతను. బాగైపోయానని చెప్పి ప్రభువును మెప్పించాలని చూడలేదు. ఎంత కనబడుతోందో అంతే చెప్పాడు. యేసు అతన్ని గద్దించలేదు, మళ్లీ చేతులుంచాడు. అప్పటినుంచి ఎవరైనా ఎలా ఉందని అడిగితే, "జ్వరం తగ్గింది, దగ్గు ఉంది, దేవుడు ఇంకా పని చేస్తున్నాడు" అనేదాన్ని.

అసలు పరీక్ష ఒళ్లు కుదుటపడ్డాక వచ్చింది. ఆకలి తిరిగొచ్చింది, బరువు పెరిగింది, దగ్గు పోయింది. "ఇంకా మాత్రలెందుకక్కా? దేవుడు కార్యం చేశాడుగా, సాక్ష్యం చెప్పేయ్" అని చెల్లెళ్లు తొందరపెట్టారు. నాకూ ఆశగానే ఉండేది. డాక్టరు ఒప్పుకోలేదు. ఈ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుందట. కొన్ని క్రిములు నిద్రపోతున్నట్టు లోపలే దాక్కుంటాయట. మధ్యలో ఆపితే మిగిలినవి మందుకు లొంగకుండా తయారవుతాయి. జబ్బుగా ఉన్నప్పుడు దేవుణ్ణి పట్టుకుని ఉండటం నాకు తేలికైంది, వేరే దారి లేదు కాబట్టి. ఒంట్లో బాగున్నా ప్రతి ఉదయం అవే మాత్రలు మింగుతూ, కనబడని పని లోపల జరుగుతోందని నమ్మడమే కష్టమైంది.

ఒక సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించింది 1882లో. దాని మీద పనిచేసే స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. ఆ మధ్య అరవై ఏళ్లు శత్రువెవరో తెలుసు, మందు లేదు. ఆ కాలంలో ఎంతమంది విశ్వాసులు నాకంటే గట్టిగా ప్రార్థించి, దగ్గుతూనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి ఉంటారో! వాళ్ల విశ్వాసం తక్కువదని నేననలేను. అందుకే "నా విశ్వాసమే నన్ను బాగుచేసింది" అని గొప్పగా చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

చివరి కఫం పరీక్షలో క్రిమి లేదని వచ్చాక మందులు ఆపారు. ఎక్స్‌రేలో మచ్చ అలాగే ఉంది, మెట్లెక్కితే కాస్త ఆయాసం వస్తుంది. ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పాను, మందుల పేర్లతో సహా. బయటికొచ్చాక ఆ పెద్దాయన నవ్వి, "మందుల పేర్లు కూడా చెప్పాలా అమ్మా?" అన్నారు. "వాటిని కూడా ఆయనే ఇచ్చాడు కదండీ" అన్నాను.

ఇంతలో ఒక చెల్లి నన్ను పక్కకు పిలిచి, వాళ్లాయనకు నెల నుంచి దగ్గు తగ్గట్లేదని చెప్పింది. ఇద్దరం అక్కడే నిలబడి ప్రార్థించాం. రేపు పొద్దున్నే కఫం పరీక్షకు తీసుకెళ్లమని చెప్పి పంపాను.