గుట్టల వెంట పరుగు ఏ అప్లికేషన్ కోసమూ కాదు

ఆస్టిన్‌లో మన తెలుగువాళ్ల మధ్య పిల్లల సంగతి ఎప్పుడొచ్చినా మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తుంది: అది కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా అని. మా పాపకి పదమూడేళ్లు. స్కూల్లో క్రాస్ కంట్రీ పరుగు టీములో చేరాక ట్రాక్ మీదకంటే మట్టిదారుల్లో, రాళ్ల మధ్య పరిగెత్తడమే ఇష్టమని తేలింది. మెడల్ లేదు, ర్యాంకు లేదు, మరి ఆదివారం మ్యాథ్స్ క్లాసు మానిపించి గుట్టల వెంట తిప్పడం ఎందుకని అడిగినవాళ్లున్నారు. తిప్పాల్సిందే అంటాను నేను. కారులో ఏం అడిగినా ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క జవాబిచ్చే పిల్ల, పక్కపక్కనే నడుస్తుంటే స్కూల్లో జరిగిందంతా అడక్కుండానే చెబుతుంది, అదీ సగానికి పైగా తెలుగులో.

మేం ఎక్కువగా వెళ్లేది ఫ్రెడరిక్స్‌బర్గ్‌కి ఉత్తరాన ఉన్న ఎన్‌చాంటెడ్ రాక్‌కి. 1978 నుంచి టెక్సస్ రాష్ట్రం చేతిలో ఉన్న పార్కు. చుట్టూ ఉన్న నేల మీద నుంచి 425 అడుగులు లేచిన గులాబీ రంగు గ్రానైట్ గుట్ట, దాని వయసు దాదాపు వంద కోట్ల ఏళ్లు. మాది భువనగిరి. అక్కడా ఊరి నెత్తిన ఒకటే రాతి గుట్ట, దాని మీద చాళుక్యుల నాటి కోట. అందుకేనేమో, ఈ దేశంలో నాకు కొత్త అనిపించని చోటు ఇదొక్కటే.

గుట్ట చుట్టూ తిరిగే లూప్ ట్రైల్ నాలుగున్నర మైళ్లుంటుంది. అది ఒక్కదాన్నే పరిగెత్తుతానంది పాప. ఆడపిల్లని ఒంటరిగా అడవిలో ఎలా వదులుతావే అని మా అమ్మ ఫోన్లో ఒకటే గోల. భయం నాకు మాత్రం లేదా? కానీ వద్దనేస్తే అక్కడితో అయిపోతుంది, పిల్ల ఇంకోసారి అడగదు కూడా. ముగ్గురం మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాం. మా ఆయనా నేనూ ఎకో క్యాన్యన్ దారిలో మాస్ లేక్ దగ్గరికి చేరాలి, తను లూప్ మీదుగా అక్కడికి రావాలి, మేం కనిపించేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. మెడలో విజిల్, వీపున నీళ్లు, జేబులో పల్లీ పట్టీలు. మాస్ లేక్ చేరేసరికి మాకంటే ముందే వచ్చి రాయి మీద కూర్చుని షూలోంచి ఇసుక దులుపుకుంటోంది.

తర్వాత ముగ్గురం పైకెక్కాం. పైన రాతి గుంటల్లో వాననీళ్లు నిలుస్తాయి, ఎండితే వట్టి ఇసుక గుంటల్లా కనిపిస్తాయి. అలాంటి దాంట్లో మా ఆయన కాలు పెట్టబోతే పాప చెయ్యి పట్టుకుని లాగింది. "నాన్నా, అందులో గుడ్లుంటాయి!" ఫెయిరీ ష్రింప్ అనే బుల్లి రొయ్యల్లాంటి జీవులవి. వాటి గుడ్లు ఎండకి ఎండి అలాగే పడి ఉండి, వానకి నీళ్లు నిండగానే పిల్లలవుతాయట. మోకాళ్ల మీద వంగి పక్క గుంటలో నీళ్లలోకి చూపిస్తూ ఎంతసేపు చెప్పిందో. ఏ క్లాసులోనూ మార్కులు రాని విషయం ఇది.

దిగేటప్పుడు నేను మాలావత్ పూర్ణ గురించి చెప్పాను. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకుల పాఠశాలలో చదువుకుంటూ మా భువనగిరి గుట్ట మీదే రాళ్లెక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. పాప టక్కున ఆగి, "వాళ్లమ్మ ఒప్పుకుందా?" అని అడిగింది. ఎవరెస్ట్ ఎత్తెంత అని కాదు, అది అడిగింది.

ఒప్పుకుంటేనే కదా వెళ్లిందన్నాను. అయితే వేసవి సెలవుల్లో భువనగిరి వెళ్లి నేనూ నేర్చుకుంటానంది. మే నెలలో ఆ బండ మీద కాలు పెట్టలేం, డిసెంబర్‌లో వెళ్దామని టికెట్లు చూస్తున్నాం. అమ్మమ్మని ఒప్పించే పని మాత్రం తనదేనని చెప్పాను.