నూట యాభై ప్లేట్లు

ఆదివారం, రాత్రి పదకొండు.

చేతులు ఇంకా బూడిద వాసనే వస్తున్నయి. సబ్బుతోని రెండుసార్లు కడిగిన, కొబ్బరినూనె రాసిన, అయినా పోలె. నడుము సంగతి ఇగ చెప్పొద్దు. అయినా ఇయ్యాల రాసుకోకపోతే రేపు ఆఫీసు పనిల పడి మర్చిపోత.

పక్కింటి అక్క మనవరాలికి ఇయ్యాల తొట్టెల. నూట ఇరవై మంది భోజనాలు. కాలనీ ఆడోళ్లం చిట్టీల మిగిలిన పైసలతోని కొన్న స్టీలు ప్లేట్లు, గ్లాసులు మూటలు విప్పి బయటికి తీసుడు ఇదే మొదలు.

ఈ ఆలోచన మాకు ఊరికె పుట్టలె. సిద్దిపేట దిక్కు ఊర్లల్ల స్టీల్ బ్యాంకులని ఆడోళ్ల సంఘాలు నడుపుతున్నయి. ఎవరింట్ల కార్యమైనా ప్లేట్లు, గ్లాసులు కిరాయికి తీస్కపోతరు, కడిగి తెచ్చి అప్పజెప్తరు. మా వదిన పుట్టిల్లు అటే. ఆమె చెప్పంగ చెప్పంగ మాక్కూడా చెవినవడ్డది. వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు దుకాణానికి ఐదుగురం పోయినం. తూకం మీద ఇస్తడు గదా, పల్చటివి కొందామని ఇద్దరు, మందంవి కొందామని ముగ్గురు. మందమే గెలిచింది. నూట యాభై ప్లేట్లు, నూట యాభై గ్లాసులు. పేరు కొట్టించే కాడ ఇంకో లొల్లి. కాలనీ అధ్యక్షుని పేరు గూడ పెట్టాలని ఒకామె. ఆయన పైస ఇయ్యలె గదా అన్న. కాలనీ పేరొక్కటే టిక్కు టిక్కు మని కొట్టించుకోని వచ్చినం.

అసలు కథ అంతకు ముందుది. 2022 జూలై 1 నుంచి థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు బంద్ అన్నరు గదా. మంచిదే అనుకున్నం. ఇగ అందరూ పేపర్ ప్లేట్ల మీద పడ్డరు, మేం సుత. పేపరే గదా, మట్టిల కలుస్తదని నేను వాటిని నా ఎరువు కుండీల గూడ వేసిన. మూడు నెలలైనంక తీసి చూస్తే పేపరు పోయింది, మీద వెండి లెక్క మెరిసే పొర మాత్రం అట్లనే ఉన్నది, ముడుచుకున్న మిఠాయి కాగితం లెక్క. పాత పేపర్లు కొనేటాయనను అడిగితే ఆయన ఒక ప్లేటు చింపి, గోరుతోని ఆ పొరను లాగి చూపెట్టిండు. "ఇది పేపరు గాదమ్మా, మేం కొనం" అన్నడు. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు తెల్వనిది, తక్కెడ పట్టుకోని తిరిగేటాయనకు తెలుసు.

మరి మోదుగాకు ఇస్తార్లు తెద్దామంటే, మిషన్ మీద ఒత్తినవాటిల గూడ కొన్నిటికి కింద అట్ట, దానికి ప్లాస్టిక్ పొర ఉంటున్నది. అత్తమ్మ ఒకటి తిప్పి చూసి పక్కకు వెట్టింది. నర్సంపేట దిక్కు వాళ్ల ఊర్ల ఎండకాలం వస్తే ఆకు తెంపుకొచ్చి, పుల్లలు చీరి, రోజూ మాపటికి ఇస్తార్లు కుట్టేటోళ్లట. తిన్నంక పెంటకుప్పల వేస్తే బర్లు తినంగ మిగిలింది ఎరువు. "గప్పుడు తోముడే లేకుండె బిడ్డా" అన్నది. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలె. ఇయ్యాల ఎక్కింది.

పొద్దుగాల చెత్త బండి వచ్చింది. రోజూ వచ్చే అక్క మా పొడి చెత్త బకెట్ చేతుల వట్టుకోని ఆగింది. వేలు చూపెట్టింది, పట్టీ ఉన్నది. కిందటి వారం మా బకెట్లనే బ్లేడు కోసుకున్నదట. మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడు. ముఖం యాడ వెట్టుకోవాల్నో తెల్వలె. 2012 అక్టోబర్ల మన వరంగల్ల క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ అని ఊరు శుభ్రం చేసే పోటీ వెట్టి, వేరే మున్సిపాలిటీల జట్లు వచ్చి ఇంటింటికీ తిరిగినప్పుడు, తడి, పొడి వేరు చేసుడు మా వాడకట్టుల అందరికన్నా ముందు నేర్చుకున్నదాన్నని చెప్పుకుంట తిరిగేదాన్ని. ఇన్నేండ్లల్ల రెండు బకెట్ల లెక్కనే నేర్చుకున్న. బకెట్ల చెయ్యి వెట్టేదెవరో చూడలె. బ్లేడ్లకు ఒక పాత పౌడరు డబ్బా తీసి అద్దం పక్కన వెట్టిన. మా ఆయనకు రెండుసార్లు చెప్పిన. ఊఁ అన్నడు.

ఇగ తొట్టెల సంగతి. బగారన్నం, మటన్, పప్పుచారు, పెరుగు. స్టీలు ప్లేట్ల తింటే ఆ కళే వేరన్నరు అందరు. మా ఆయన ప్లేట్ల వరస ముంగట నిలవడి ఫోటో దిగి కాలనీ గ్రూపుల వెట్టిండు. యాభై బొటనవేళ్లు వచ్చినయి.

మూడింటికి అందరు లేచిండ్రు. నల్లా కాడ ప్లేట్లు నడుం దాకా కుప్ప. మటన్ కొవ్వు చల్లారి ప్లేటుకు తెల్లగ అంటుకున్నది, దాని మీద బగార మెతుకులు, లవంగం, నమిలిన బొక్క. మా ఇంట్ల బోళ్లు తోమే అక్కను పిలుస్తే వచ్చింది గని కూసోలె. నడుం మీద చేతులు వెట్టుకోని అడిగింది.

"ఎంతిస్తరు?"

"మూడొందలిస్తం తీ" అన్నది పక్కింటి అక్క.

"మునుపు పేపర్ ప్లేటుకు నాలుగు రూపాయలు, గ్లాసుకు ఒకటి పెడుతుంటిరి గదా వదినా. గదే లెక్కన నాకియ్యుండ్రి."

ఎవ్వరం మాట్లాడలె. నూట ఇరవై, ఐదు, ఆరొందలు. పక్కింటి అక్క ముఖం మాడ్చుకున్నది, నా దిక్కు చూసింది. న్యాయమే అన్న. ప్లేటు కొని పారేస్తందుకు చెయ్యి వెనకకు రాకపోయేది. అదే పైస తోమే చేతికి ఇయ్యాలంటే మాత్రం బేరం. మేం ఐదుగురం కూసోని ప్లేట్లు కొనే కాడ మందం గురించి గంట కొట్లాడినం గని, ఇవి ఎవరు తోమాలె అని ఒక్కలం అడగలె. అడిగి ఉంటే అసలు కొనకపోదుమేమో.

ఆమె ఒక్కతితోని గాదని నేను, వదిన, ఇంకో ఇద్దరం సుత కూసున్నం. సబ్బుకు కొవ్వు వదులుతలేదు. అప్పుడు ఆ అక్కే బగార వండిన కట్టెల పొయ్యి కాడికి పోయి గంపెడు బూడిద తెచ్చింది. కొబ్బరి పీచు తడిపి బూడిదల అద్ది ఒక్క చుట్టు తిప్పితే ప్లేటు కిర్రుమన్నది. ముందు మెతుకులు, బొక్కలు ఒక బకెట్ల దులుపుడు, తర్వాత బూడిద, తర్వాత రెండు టబ్బులల్ల జాడిచ్చుడు. జాడిచ్చిన నీళ్లు అరటిచెట్ల మొదట్ల పోసినం. మెతుకులు, బొక్కలు నా కుండీల వెయ్యలె. కిందటి వానకాలం ఎండాకు వెయ్యకుండ వట్టి కూర మిగిలింది వేసి, తెల్ల పురుగులు గోడ ఎక్కితే ఇల్లంత ఒకటైంది. తడి చెత్తల కట్టి వెట్టిన, రేపు బండిల పోతది.

ఆరింటికి అయిపోయింది. ఆరొందలు లెక్కవెట్టుకోని రవికెల దోపుకున్నది అక్క. వచ్చే బేస్తారం ఇంకో ఇంట్ల కార్యమున్నదట, వాళ్లకు ఫోన్ చేసి రేటు తనే చెప్పింది. కిరాయి పుస్తకంల కొత్త గీత కొట్టి, "తోముడు: ప్లేటుకు 4, గ్లాసుకు 1" అని రాసిన. ఫోటోకు బొటనవేలు వెట్టినోళ్లల్ల ఎవరన్న దీన్ని చూసి గునుగుతరేమో, గునగనీ.

ప్లేట్లు నూట యాభైకి నూట యాభై వచ్చినయి. గ్లాసులు నూట నలభై తొమ్మిదే. మూడుసార్లు లెక్కవెట్టినం. చెట్ల కింద, సోఫా కింద, అత్తమ్మ మంచం కింద వెతికినం. ఇంతకు ముందే బట్టలు తీద్దామని డాబా మీదికి పోతే, నీళ్ల ట్యాంకు వెనక దొరికింది. పక్కన ఖాళీ సీసా, మిగిలిన పల్లీలు.

పొద్దుగాల మా ఆయనను అడుగుత.