ఆ రోజు ముగ్గు కలవలేదు

మాది మదనపల్లె. ఆయన పోయాక బెంగళూరు వచ్చేసి కె.ఆర్. పురంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. నాకు లివర్ సిరోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడయ్యే జబ్బు. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి నా ముఖంలోకి చూస్తారు. నేను పుట్టి బుద్ధెరిగాక మందు వాసన కూడా చూడలేదు. ఇరవై ఏళ్ల షుగరు, లివర్‌కు పట్టిన కొవ్వు, ఇవీ కారణాలు. ఆ చూపు ఎంత బాధ పెడుతుందో పడ్డవాళ్లకే తెలుసు.

పొట్టలో నీరు చేరడం ఏడాదిగా ఉంది. మాత్రలు వేసుకుంటూ, ఉప్పు తగ్గించి ఎలాగో నెట్టుకొస్తున్నాను.

ధనుర్మాసంలో ఒక పొద్దున గుమ్మం ముందు ముగ్గు వేయడానికి కూర్చున్నాను. ఏడు చుక్కల ముగ్గు, పెళ్లికి ముందు నుంచీ వేస్తున్నదే. చుక్కలు పెట్టాను. గీత ఎటు తిప్పాలో తెలియలేదు. చెరిపాను, మళ్లీ పెట్టాను. ఒక చుక్క దగ్గరికి వెళ్లిన గీత పక్క చుక్కను వదిలేసి ఎటో పోతోంది. చివరికి పిండి గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయానట. కోడలు తలుపు తీసి "అత్తయ్యా, ఏమైంది?" అంటే, మదనపల్లె పాలాయన వచ్చాడా అని అడిగానట. అదేదీ నాకు గుర్తు లేదు.

జ్వరం చూస్తే లేదు. నొప్పి కూడా పెద్దగా లేదు, పొట్ట కాస్త బరువుగా ఉందంతే. ముందు రోజు సాయంత్రం దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపారు. కోడలు మాత్రం ఒప్పుకోలేదు. "ముగ్గు మర్చిపోయే మనిషి కాదు ఆవిడ" అని మావాడితో పోట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈ రోజు నేను ఇది రాస్తున్నానంటే ఆ పిల్ల మొండితనమే కారణం.

అక్కడ డాక్టరమ్మ నా చేతులు ముందుకు చాపి, అరచేతులు పైకి ఎత్తి నిలపమంది. నిలవలేదు, కొట్టుకున్నాయి. లివర్ వడగట్టలేని విషాలు మెదడుకు ఎక్కితే ఇలా అవుతుందని, దాని వెనక ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చని చెప్పి, వెంటనే పొట్టలో నీళ్లు తీసి టెస్ట్ చేయాలంది. మావాడికి రెండు భయాలు. నీళ్లు తీస్తే ఇంకా ఊరతాయని ఎవరో చెప్పారు. పైగా రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు నాకు 58 వేలే. ఇంత సన్న సూదికి రక్తం పోయే ప్రమాదం చాలా తక్కువని, ఆలస్యమే అసలు ప్రమాదమని ఆవిడ నచ్చజెప్పింది.

పొట్టకు ఎడమవైపు కింద మత్తు సూది వేశారు. ఆ చురుకు ఒక్కటే తెలిసింది. వచ్చిన నీళ్లు మామూలు పసుపు కాదు, బియ్యం కడిగిన నీళ్లు కలిపినట్టు మసకగా ఉన్నాయట. కొంచెం ల్యాబ్‌కు పంపి, కొంచెం నా మంచం పక్కనే కల్చర్ బాటిళ్లలోకి, అంటే బ్యాక్టీరియాను పెంచి చూసే సీసాల్లోకి ఎక్కించారు. అలా అప్పటికప్పుడు ఎక్కిస్తేనే బ్యాక్టీరియా దొరికే అవకాశం ఎక్కువట.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ఆ నీళ్లలో న్యూట్రోఫిల్ కణాలు, అంటే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు, ఒక్క ఘనపు మిల్లీమీటరుకు 250 చేరితే ఇన్‌ఫెక్షన్ కిందే లెక్క. నాకు 640. పేగుల్లోని బ్యాక్టీరియా గోడ దాటి ఆ నీళ్లలో చేరుతుందట. రెండు రోజుల తర్వాత కల్చర్‌లో ఏమీ పెరగలేదని వచ్చింది. "అయితే ఇన్‌ఫెక్షన్ లేనట్టేనా మేడం?" అన్నాడు మావాడు. కల్చర్ చాలామందిలో ఖాళీగానే వస్తుందని, కణాల లెక్కనే నమ్మాలని, కల్చర్ కోసం కూర్చుని ఉంటే పరిస్థితి చేయి దాటేదని ఆవిడ చెప్పింది.

సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ మొదటి రాత్రే మొదలుపెట్టారు. దాంతోపాటు ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ ఎక్కించారు. నా బరువు 60 కిలోలు, కిలోకు ఒకటిన్నర గ్రాముల చొప్పున మొదటి రోజు 90 గ్రాములు, మూడో రోజు కిలోకు ఒక గ్రాము చొప్పున 60. ఖరీదైన బాటిళ్లు అవి, తప్పదా అని మావాడు అడిగాడు. 1999లో స్పెయిన్ డాక్టర్లు చేసిన పరిశోధన గురించి ఆవిడ చెప్పింది. యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 33 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఆల్బుమిన్ కలిపి ఇచ్చినవాళ్లలో 10 శాతం మందికే. వాడు మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

48 గంటలకు మళ్లీ నీళ్లు తీస్తే 110కి దిగింది. మూడో రోజు పొద్దున కోడలి పేరు పెట్టి పిలిచాను. ఆ పిల్ల ఏడ్చేసింది.

ఆ ఇన్‌ఫెక్షన్ మళ్లీ రాకుండా ఇప్పుడు రోజూ నార్‌ఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర వేసుకుంటున్నాను. ఒకసారి వచ్చింది మళ్లీ రావచ్చని ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లకు కూడా చూపించమన్నారు, ఆ పరీక్షలు నడుస్తున్నాయి. ఆవకాయ జాడీ కోడలు పుట్టింటికి పంపేసింది.

పోయిన నెల రెండు రోజులు ఒంటేలు బాగా తగ్గింది. జ్వరం లేదు కదా, రేపు చూద్దామన్నారు డ్యూటీ డాక్టరు. "సార్, ముందు నీళ్లు చూడండి" అని నేనే అడిగాను. తీశారు. ఈసారి 40. మందు డోసు మార్చి, రాత్రి తొమ్మిదికల్లా ఇంటికి పంపారు.